చిన్న గదిలో పెద్ద రైలు: ఫ్రాంక్ హార్న్‌బీ జీవితం

ఆటవస్తువును తయారుచేయడం తేలిక పని అని లోకం అనుకొంటుంది. ఉన్న వస్తువును చూచి, దానిని అన్ని విధాలా ఒకే పాళ్లలో చిన్నది చేస్తే చాలునని పలువురి భావం. కాని రైలుబండిని చిన్నది చేయవచ్చును గాని, అది తిరగవలసిన ఇంటిని పెద్దది చేయడం ఎవరి తరమూ కాదు. నిజమైన రైలు విశాలమైన మైదానంలో, వంగుతున్నదా లేదా అని చూపరులకు తెలియనంత మెల్లగా మలుపు తిరుగుతుంది. బొమ్మ రైలుకు దొరికేది ఒక బల్ల. లేదా మంచానికీ గోడకూ నడుమ మిగిలిన నేల. ఆ కొద్దిపాటి చోటులో బయలుదేరిన తావుకు అది తిరిగి రావాలంటే మలుపు మిక్కిలి బిగువుగా ఉండక తప్పదు. అట్టి మలుపులో పొడుగు పెట్టెలు నడవవు. ఈ చిక్కుతో జీవితపు చివరి పదహారేండ్లు వ్యవహరించినవాడు యంత్రశాస్త్రం చదివిన ఇంజనీరు కాడు. మాంసం దిగుమతి చేసే వర్తకుని వద్ద లెక్కలు వ్రాసిన గుమాస్తా. అతడే ఫ్రాంక్ హార్న్‌బీ.

1863వ సంవత్సరం మే 15వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో, కాపరస్ హిల్ అనే వీధిలో హార్న్‌బీ జన్మించినాడు. తండ్రి జాన్ ఆహారపదార్థాల వర్తకుడు. ఆ వీధికి చేరువలోనే లైమ్ స్ట్రీట్ రైల్వే స్టేషను ఉన్నది. లివర్‌పూల్, మాంచెస్టరు నగరాలను కలుపుతూ 1830లో వేసిన రైలుదారి చరిత్ర ప్రసిద్ధమైనది. హార్న్‌బీ పసితనంలో బ్రిటనులోని ప్రయాణికుల పెట్టెలు నేటివలె పొడుగైనవి కావు. గుర్రపుబండిని గుర్తుకు తెచ్చే పొట్టి పెట్టెలు, ఒక్కొక్కదానికి నాలుగో ఆరో చక్రాలు. మనవారు రైలుపెట్టెనే బోగీ అంటారు. కాని ఆ మాటకు అసలు అర్థం పెట్టె అడుగున విడిగా తిరుగాడే చక్రాల చట్రం. ఆ బోగీలపై నడిచే పొడుగు పెట్టెలు బ్రిటనుకు 1870 దశకంలో గాని రాలేదు.

పదహారవ ఏట హార్న్‌బీ చదువు ముగిసినది. తండ్రి వ్యాపారంలో లెక్కలు చూచే పనిలో చేరినాడు. 1887లో ఎమ్మా గోడ్‌ఫ్రాయ్ అనే ఉపాధ్యాయినిని వివాహమాడినాడు. వారికి రోలండ్, డగ్లస్ అనే ఇద్దరు కుమారులు కలిగినారు. 1899లో తండ్రి మరణించడంతో వ్యాపారం మూతపడినది. నాటికి హార్న్‌బీకి ముప్పదియారేండ్లు. డేవిడ్ ఎలియట్ అనే మాంసపు దిగుమతి వర్తకుని వద్ద గణకుడుగా కుదిరినాడు.

యంత్రవిద్యలో శిక్షణ లేకపోయినా ఆ విద్యపై మక్కువ అతనికి బాల్యం నుంచీ ఉండేది. ఇంటిలో ఒక చిన్న పనిగది ఏర్పరచుకొని, సాయంకాలాలు కుమారుల కోసం రేకుతో వంతెనలు, బండ్లు, బరువులెత్తే క్రేనులు చేసేవాడు. ఈ పనిలో ఒక ఇబ్బంది ఉన్నది. క్రేనుకై కోసిన రేకుముక్క వంతెనకు పనికి రాదు. బొమ్మ మారినప్పుడెల్లా ముక్కలన్నీ మరల కోయవలసినదే. ఒక క్రిస్మస్ ముందురోజున రైలులో పోతూ, కిటికీ వెంట కనిపించిన క్రేనును చూచి ఆలోచిస్తుండగా ఉపాయం తోచినదని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకొన్నాడు. అరంగుళం వెడల్పు గల పట్టీలకు అరంగుళానికొకటి చొప్పున బెజ్జాలు వేసి, వాటిని బోల్టులతో, నట్టులతో బిగిస్తే, ఒకే పట్టీ నేడు వంతెన, రేపు క్రేను కాగలదు. ఆ బెజ్జాలే ఇరుసులు తిరగడానికీ ఉపకరిస్తాయి.

1901 జనవరిలో హార్న్‌బీ ఈ కల్పనకు పేటెంటు కోరినాడు. అందుకు కావలసిన అయిదు పౌనులు కూడా అతని వద్ద లేక యజమాని ఎలియట్ వద్ద అప్పు తీసుకొనవలసి వచ్చినది. గుమాస్తా ఉత్సాహాన్ని చూచి ఎలియట్ వ్యాపారంలో భాగస్వామి అయినాడు. మరుసటి యేట ఆ ఆటవస్తువు అంగడికి వచ్చినది. వెల ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ఆచార్యుడైన హీలీ షా దానిని మెచ్చుకొన్నాడు. పండితుని మెప్పు వర్తకులకు ధైర్యమిచ్చినది. 1907లో దానికి మెకానో అనే పేరు నమోదయినది. 1908లో మెకానో కంపెనీ ఏర్పడినది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్‌లో పెద్ద కర్మాగారం వెలసినది. 1916లో బాలుర కోసం మెకానో పత్రిక ఆరంభమయినది.

మెకానోకు అంత ఖ్యాతి రావడానికి కారణం అందులోని నిజాయితీ. పిల్లవాడు బిగించిన చిన్న వంతెన నిలిచేది, నదిపై పెద్ద వంతెన నిలిచే కారణం చేతనే. పళ్లచక్రాల లెక్క తప్పితే బొమ్మ క్రేను బరువు నెత్తదు. ఆటవస్తువు కూడా యంత్రశాస్త్ర నియమాలను పాటించవలెనని హార్న్‌బీ నమ్మినాడు. అట్టివాడు రైలుబండి చేయబూనినప్పుడు, ఆ నమ్మకానికే పరీక్ష ఎదురయినది.

మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వం బ్రిటనులో అమ్ముడుపోయిన రేకు రైళ్లలో పెక్కు జర్మనీ నుంచి వచ్చినవి. యుద్ధంతో ఆ దిగుమతి ఆగిపోయినది. ఆ ఖాళీని గుర్తించి 1920లో హార్న్‌బీ తన పేరనే చావి ఇచ్చి నడిపే రైళ్లను విడుదల చేసినాడు. తొలి యంత్రాలు మెకానో పద్ధతిలోనే బోల్టులతో బిగించినవి. విప్పి మరల కూర్చవచ్చును. పట్టాల నడుమ వెడల్పు దాదాపు అంగుళమున్నర పాతిక తక్కువ, అనగా 32 మిల్లీమీటర్లు. నిజమైన రైలులోని ఒక అడుగుకు బొమ్మలో 7 మిల్లీమీటర్లు అని ఆ వెడల్పుకు చెల్లే కొలత.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఆ కాలపు పెట్టె ఒకటి 57 అడుగుల పొడవున్నదనుకొందాం. బొమ్మలో అది 399 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 16 అంగుళాలు కావలెను. హార్న్‌బీ అమ్మిన పట్టాలలో మిక్కిలి బిగువైన మలుపు వ్యాసార్ధం ఒక అడుగు. ఆ పట్టాలతో ఏర్పడే వలయానికి అడ్డుకొలత రెండడుగులు, అనగా 24 అంగుళాలు. ఇరవైనాలుగు అంగుళాల వలయంలో పదహారు అంగుళాల పెట్టె! నిజమైన కొలతలలో చెప్పవలెనంటే, 87 అడుగుల అడ్డుకొలత గల వలయంలో 57 అడుగుల పెట్టెను తిప్పబూనినట్లు. ఏ రైల్వే ఇంజనీరూ అందుకు సాహసించడు.

అట్టి పెట్టె మలుపులో ఎందుకు నడవదో రేఖాగణితం చెబుతుంది. పెట్టె నిటారైన కర్ర వంటిది. పట్టాలు వంగినా అది వంగదు. దాని రెండు ఆధారాలు పట్టాలపై నిలిస్తే నడుమ భాగం వలయం లోపలికి జరుగుతుంది. ఆధారాల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే ఆ జరుగుబాటు రమారమి తెలుస్తుంది. ఆధారాల మధ్య 11 అంగుళాలు, వ్యాసార్ధం 12 అంగుళాలు అయితే, 121ని 96తో భాగించగా అంగుళంపావు పైచిలుకు వస్తుంది. పట్టాల నడుమ వెడల్పే అంతకు మించదు! ఇక పెట్టె కొనలు వెలుపలికి చొచ్చుకొని వస్తాయి. కొక్కెములు పక్కకు లాగుతాయి. తేలికైన రేకుపెట్టె ఒరిగి పడుతుంది.

ఆ లెక్కలోనే ఉపాయమూ ఉన్నది. దూరం దానితోనే గుణింపబడుతున్నందున, దానిని సగం చేస్తే జరుగుబాటు పాతికవంతుకు తగ్గుతుంది. పెట్టెను కురుచ చేసి, బోగీలను తీసివేసి, నాలుగే చక్రాలు పెట్టి, ఇరుసుల మధ్య 3 అంగుళాలు ఉంచితే, 9ని 96తో భాగించగా వచ్చేది అంగుళంలో పదోవంతు కూడా కాదు. కురుచ పెట్టెలు హార్న్‌బీ కనిపెట్టినవి కావు. జర్మన్ పనివారూ అట్టివే చేసేవారు. అతడు చేసినది ఆ పద్ధతిని ఒక క్రమానికి తెచ్చుట. ఒక అడుగు మలుపునకు చిన్న యంత్రాలు, నాలుగు చక్రాల పొట్టి పెట్టెలు. రెండడుగుల మలుపునకు పెద్ద యంత్రాలు, బోగీలపై నడిచే పుల్‌మన్ వంటి పెట్టెలు. ఈ రెండవ తరగతి 1921లో వచ్చినది. ఏ ఇంటికి ఎంత చోటున్నదో చూచుకొని రైలును ఎన్నుకొనవచ్చును. ఆ పొట్టి పెట్టెలు, హార్న్‌బీ చిన్ననాడు తన వీధి పక్క స్టేషనులో నిలిచిన పెట్టెల పోలికలోనివే కావడం గమనింపదగినది.

కాని ఈ సర్దుబాటు కొందరికి రుచించలేదు. కొలతలో వెంట్రుకవాసి తేడా రాని నమూనాలు కోరే పెద్దవారు వీటిని ఉత్త ఆటబొమ్మలుగా ఎంచినారు. వారి ఆక్షేపణలో నిజం లేకపోలేదు. 1927 ప్రాంతంలో హార్న్‌బీ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరుతో ఒక యంత్రాన్ని అమ్మినాడు. నిజమైన యంత్రానికి నడిపే చక్రాలు ఆరు, బొమ్మకు నాలుగే. అదే చట్రంపై రంగులు, పేరు మార్చి రాయల్ స్కాట్ అన్నాడు. మరొక దానికి ఒక కోట పేరు పెట్టినాడు. వాటి అసలు యంత్రాలు వేరువేరు రూపాలవి. రెండడుగుల మలుపూ, సామాన్యులకు అందవలసిన వెలా అతని చేతులను కట్టివేసినవి.

మెకానోలో లెక్క తప్పనివ్వని మనిషి రైలులో పొడవు విషయమై రాజీపడినాడు. దేనిలో రాజీ పడలేదో కూడా చూడవలెను. చక్రాలకూ పట్టాలకూ పొందిక, కొక్కెములు సరిగా తగులుకొనుట, దారి మార్చే పట్టాలు, సిగ్నళ్లు, ఆయా రైల్వే కంపెనీల రంగులు, ఇవి వదలలేదు. 1925లో విద్యుత్తుతో నడిచే రైలును తెచ్చినాడు. 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ అనే పేరుతో బాలుర సంఘాన్ని నెలకొల్పి, దానికి తానే అధ్యక్షుడయినాడు. రైలు ఎంత పొడుగున్నదనే దానికన్నా, క్రమం తప్పక నడుస్తున్నదా అనేదే పిల్లవానికి రైల్వేను బోధిస్తుందని అతని పనులు చెబుతున్నవి.

1931లో హార్న్‌బీ లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నియోజకవర్గం నుంచి కన్సర్వేటివ్ పక్షాన పార్లమెంటు సభ్యుడుగా ఎన్నికయి, 1935 వరకు ఆ పదవిలో ఉన్నాడు. 1934లో డింకీ బొమ్మకార్లు అంగళ్లలోకి వచ్చినవి. హృద్రోగం, మధుమేహం అతనిని క్రుంగదీసినవి. 1936 సెప్టెంబరు 21వ తేదీన, తన 73వ ఏట హార్న్‌బీ కన్నుమూసినాడు. లివర్‌పూల్ సమీపాన మాగల్ పట్టణంలోని చర్చి ఆవరణలో అతని సమాధి ఉన్నది.

అతడు పోయిన మరుసటి యేటనే కంపెనీ ప్రిన్సెస్ ఎలిజబెత్ అనే యంత్రాన్ని వెలువరించినది. దానికి ఆరు నడిపే చక్రాలూ ఉన్నవి. కాని అది తిరగడానికి మూడడుగుల వ్యాసార్ధం గల మలుపు కావలసి వచ్చినది. వెల అయిదు గినీలు. నిజానికి దగ్గరయిన కొలదీ ఆ రైలు చిన్న ఇళ్లకు దూరమయినది. 1938లో మరొక మార్గం త్రొక్కినారు. పెట్టెను మాత్రమే కురుచ చేయక, రైలు మొత్తాన్నే ఇంచుమించు సగం చేసినారు. హార్న్‌బీ డబ్లో అనే ఆ రైలుకు పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు; మలుపు వ్యాసార్ధం 15 అంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున 57 అడుగుల పెట్టె ఆ కొలతలో తొమ్మిది అంగుళాలే. వలయపు అడ్డుకొలత ముప్పది అంగుళాలు. మూడింట రెండు వంతులుగా ఉన్న పాలు పదింట మూడు వంతులకు దిగినది.

అయినను చిక్కు సమసిపోలేదు. అమెరికాలోని 85 అడుగుల ప్రయాణికుల పెట్టె, అక్కడ వాడుకలో ఉన్న చిన్న కొలతలో కూడా పదకొండున్నర అంగుళాలు దాటుతుంది. ఇంటి బల్లపై పరచే మలుపు వ్యాసార్ధం తరచు 18 అంగుళాలే. అందుచేత 72 అడుగులకు కుదించిన పెట్టెలను అమ్ముతూ వచ్చినారు. కొందరు కుదించిన పెట్టెను ఒప్పుకొనక, పుట్టుకతోనే పొట్టివైన పాతకాలపు పెట్టెలను వెదకి తెచ్చుకొంటారు. అప్పుడు కొలతా తప్పదు, మలుపూ తిరుగుతుంది. మారేది కాలం మాత్రమే.

మెకానో కంపెనీ 1964లో ఇతరుల చేతిలోకి పోయినది. బిన్స్ రోడ్ కర్మాగారం 1979లో మూతపడినది. హార్న్‌బీ పేరు మాత్రం నేటికీ బొమ్మ రైళ్లపై నిలిచి ఉన్నది. దేశపటం గీసే ఉపాధ్యాయుడు ప్రతి వాగునూ అందులో చూపలేడు; ఏది విడువవలెనో, ఏది విడువరాదో నిర్ణయించుకొనక తప్పదు. పదహారేండ్లకే బడి విడిచిన ఆ గుమాస్తా పెట్టె పొడవును విడిచిపెట్టి, రైలు నడకను కాపాడినాడు. అందుచేతనే రెండడుగుల చోటున్న ఇంటికి కూడా రైలు వచ్చినది.