ఆతుకూరి మొల్ల

కడప సీమలో బద్వేలునకు సమీపమున గోపవరమను గ్రామము కలదు. అచ్చట వెలసిన స్వామి శ్రీకంఠ మల్లేశ్వరుడు. ఆ స్వామి కరుణ చేతనే తనకు కవిత్వము అబ్బినదని చెప్పుకొనిన కుమ్మరి బిడ్డ ఆతుకూరి మొల్ల. 15వ శతాబ్ది తుదిభాగమునను 16వ శతాబ్ది తొలినాళ్ళలోను ఆమె జీవించినదని సాహిత్య చరిత్రకారులలో పలువురి నిర్ణయము. నేటికి అయిదువందల యేండ్లు గడచినను రామాయణ మనగానే తెలుగువారి నోట ఆమె పేరు వచ్చుచునే యున్నది.

మొల్ల తండ్రి కేసనసెట్టి. అతడు గురు లింగ జంగముల అర్చనయందు ఆసక్తి గలవాడనియు, శివభక్తుడనియు, బంధువుల మేలు కోరువాడనియు మొల్ల తన కావ్య పీఠికలో తెలిపినది. ఈ మాటలు మన పాఠకులకు వేరుగా వివరింప నక్కరలేదు. గురువును, లింగమును, జంగమమును ఒక్కచోట నిలిపి కొలుచు ఇల్లు ఎట్టిదో మన యిండ్లలో పెరిగిన పసివాండ్రకును తెలియును. అయితే ఆ పీఠికలో తల్లి పేరు కానరాదు. తండ్రి పేరు లోకమునకు తెలిపిన కూతురి వలననైనను తల్లి పేరు మనకు దక్కలేదు. ఇది ఆనాటి లోపము మాత్రమే కాదు. మన యిండ్లలో వ్రాసియుంచిన వంశవృక్షములను తీసి చూచినచో ఏడు తరముల తాతల పేర్లుండును, ఒక్క అవ్వ పేరైనను ఉండుట అరుదు.

మొల్ల యనగా మల్లెజాతి పువ్వు. శ్రీశైల మల్లికార్జునుని యందలి భక్తి చేతనే తండ్రి బిడ్డకు ఆ పేరు పెట్టెనని పెద్దలు చెప్పుదురు. కుమ్మరి వృత్తికిని శివభక్తికిని గల పొత్తు క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారు కుమ్మర గుండయ్యను ఎరుగుదురు. ఆయన కుండపై దరువు వేయగా శివుడే నాట్యమాడెనను కథ తెలుగు శైవుల యిండ్లలో తరతరములుగా వినిపించుచున్నది. సారె త్రిప్పు చేయి తక్కువదను భావము ఆ కథ విన్న యింట పుట్టదు. మొల్ల తన కులమును దాచుకొనకుండుటకు ఈ వాతావరణమే కారణమై యుండునని నా అభిప్రాయము.

బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో కల్యాణమున నాటిన బీజము ఇట్టిదే. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని ఆయన బాల్యముననే ఇల్లు విడిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. శరణ ధర్మమున స్త్రీకిని ఇష్టలింగ ధారణ కలదు, ఆమెకు మైల లేదు, సూతకము లేదు. అక్క మహాదేవి, నీలాంబిక, ఆయ్దక్కి లక్కమ్మ, సత్యక్క మొదలుగా ముప్పదిమందికి పైగా శరణులు వచనములు చెప్పిరి. లింగము పట్టిన చేయి గంటము పట్టరాదనుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిన యింటనే మొల్ల పెరిగినది.

ఇక ఆమె కావ్యము. ఆరు కాండముల కథను ఆమె సుమారు 870 గద్యపద్యములలో ఇమిడ్చినది. వాల్మీకి ఇరువదినాలుగు వేల శ్లోకములతో పోల్చినచో ఆ సంక్షేప శక్తి తేటపడును. పీఠికలో తనకు నిఘంటువులు తెలియవు, వ్యాకరణము తెలియదు, ఛందస్సు తెలియదు అని వరుసగా చెప్పుకొనినది. కొందరు దీనిని అక్షరాల నమ్మి ఆమెను చదువురాని దానినిగా భావించిరి. అది పొరపాటు. తెలియవని చెప్పిన శాస్త్రముల పేర్లన్నియు తప్పు లేకుండ చెప్పగలుగుటయే తెలిసినదనుటకు సాక్ష్యము. కందములు, సీసములు, వృత్తములు ఆమె చేతిలో తడబడలేదు. స్త్రీ, అందునను కుమ్మరి స్త్రీ, పండితుల యెదుటకు వచ్చునపుడు ముందుగా తల వంచి, పిదప కావ్యమంతయు తల యెత్తి నడచినది.

అర్థము కాని గూఢ పదములు కూర్చిన కావ్యము వినువారికి ఉపయోగపడదని ఆమె మతము. అందుచేత జాను తెనుగుకు దగ్గరగా, నోటికి తేలికగా వచ్చు మాటలనే ఏరుకొనినది. సోమనాథుడు శివకవులకు చూపిన బాట ఇదే గదా! రాముని పాదధూళి సోకి రాయి ఆడుదియైనదని విన్న గుహుడు, తన పడవకును అదే గతి పట్టునేమోయని స్వామి పాదములు కడిగిన ఘట్టమును ఆమె ముచ్చటగా చెప్పినది. వాల్మీకి రామాయణమున లేని ఈ ఘట్టము తెలుగువారికి సొంత కథవలె అయినది.

శివభక్తుని కూతురు రామకథ వ్రాయనేల యని అడుగువారు మనలో నేటికిని కలరు. తనచేత చెప్పించువాడు రామచంద్రుడే యనియు, కవిత్వము నేర్పినవాడు మల్లేశ్వరుడే యనియు ఆమె రెండును ఒక్క పీఠికలో చెప్పినది. ఆమె మనసున లేని తగవును మనము తెచ్చి పెట్టుట తగదు. కావ్యమును ఏ రాజునకును అంకితమీయక రామునకే సమర్పించుట ఆమె స్వతంత్ర బుద్ధికి తార్కాణము. రాయల కొలువునకు పోయెననియు, శూద్ర స్త్రీ వ్రాసిన గ్రంథమును పండితులు చదువనీయలేదనియు చెప్పు కథలు ప్రచారమున నున్నవి. కావ్యమున వాటికి ఆధారము లేదు. అయినను అట్టి కథ పుట్టుటయే ఆనాటి సమాజమును గూర్చి కొంత తెలుపుచున్నది.

ఇదే కడప సీమలో, కొంచెము ముందుగా, తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణమును మంజరీ ద్విపదలో వ్రాసినది. ఆమె అన్నమాచార్యుని ధర్మపత్ని, పండిత గృహమున మెలగినది. మొల్లకు అట్టి అండ లేదు. వానకు ఎదురు చూచు ఈ మెట్టసీమ నుండియే ఇరువురు తొలి కవయిత్రులు వచ్చుట మనవారు తరచుగా మరచు విషయము.

కందుకూరి వీరేశలింగము పంతులు ఆంధ్ర కవుల చరిత్రమున ఆమెకు స్థానమిచ్చెను. 1970లో ఆమె జీవితము కథానాయిక మొల్ల యను చలనచిత్రముగా వచ్చెను. హైదరాబాదు ట్యాంక్‌బండుపై తెలుగు ప్రముఖుల నడుమ ఆమె విగ్రహము నిలిచినది.

మొల్ల వివాహమాడక చివరి దినములు శ్రీశైలమున గడపెనని జనశ్రుతి. అంతకు మూడు నూర్ల యేండ్లకు పైగా ముందే అక్క మహాదేవియు చెన్నమల్లికార్జునుని వెదకుచు ఆ కొండకే వచ్చి కదళీవనమున లీనమైనది. నేటికిని శివరాత్రికి కడప, కర్నూలు సీమల నుండి నల్లమల దారి పట్టి నడచు భక్తులలో ఆడువారు పెక్కుమంది కలరు.