సర్మదు: పాతబస్తీలో మోషే గ్రంథమును నేర్పిన యూదుడు



సువార్తలలో రబ్బీ అను మాటను మనము తరచుగా చదువుచుందుము. బోధకుడని దాని భావము. పరిశుద్ధ గ్రంథమును ఎవరు బోధింపవచ్చును? ఆ అధికారము వానికి ఎవరిచ్చెదరు? యూదుల చరిత్రలో ఈ ప్రశ్న తరతరములకు వినబడుచు వచ్చినది. మన హైదరాబాదు పాతబస్తీలో కొంతకాలము నివసించిన ఒక యూద వంశీయుని జీవితములోను అదే ప్రశ్న కనబడును. ఆయన పేరు సర్మదు. ఈ నెల ఆయన చరిత్రను మీ ముందుంచుచున్నాము.

మొదట రబ్బీలను గూర్చి కొంచెము తెలిసికొనవలెను. క్రీ. శ. 70 లో రోమీయులు యెరూషలేము దేవాలయమును పడగొట్టిరి. బలిపీఠము పోయెను గనుక యాజకుల పనియు నిలిచిపోయెను. అప్పుడు యోహనాను బెన్ జక్కయి అను బోధకుడు యబ్నె అను ఊరిలో శిష్యులను కూర్చి, ధర్మశాస్త్ర పఠనమును నిలువబెట్టెను. దేవాలయము లేని ఆ జనమునకు క్రమముగా రబ్బీయే పెద్ద దిక్కాయెను. అతని చేతిలో ఖడ్గము లేదు, గ్రంథమే ఉన్నది. యాజకునివలె పుట్టుకచేత ఎవడును రబ్బీ కాలేడు. గురువునొద్ద ఏండ్ల తరబడి చదువవలెను, సమాజము అంగీకరింపవలెను. మోషే యెహోషువమీద చేతులుంచిన రీతిగా గురువు శిష్యునికి అధికారమిచ్చుట వారి పూర్వాచారము. చాలమంది చేతిపనిచేసికొని బ్రదికిరి. గమలీయేలు పాదములయొద్ద చదివిన పౌలు డేరాలు కుట్టెను గదా!

మరియొక సంగతి గమనింపుడి. క్రీ. శ. 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నా గ్రంథములో హిల్లేలు పక్షమువారి మాటయు, షమ్మయి పక్షమువారి మాటయు పక్కపక్కన వ్రాయబడియున్నవి. నెగ్గని మాటను తుడిచివేయలేదు. ఒకడు చెప్పినదానిని పదిమంది కూర్చుండి పరీక్షించుట వారి పద్ధతి.

ఇక సర్మదు సంగతి. ఆయన పారశీక దేశములో చదువుకొన్నవాడు. కాషాను పట్టణస్థుడని కొందరును, ఆర్మేనియా యూదుడని కొందరును వ్రాసిరి. రబ్బీల విద్యగల కుటుంబములో పుట్టి, చిన్ననాడే మోషే ధర్మశాస్త్రమును నేర్చెను. తరువాత ఇస్లాము మతములో చేరి, ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీ అను పేరుపొందిన పండితులయొద్ద తత్త్వశాస్త్రము చదివెను. పారశీక భాషలో నాలుగు పాదముల పద్యములు వ్రాయుటలో నేర్పరి. వర్తకము ఆయన జీవనము.

సరకులతో ఆయన ఓడయెక్కి సింధు దేశములోని ఠట్టా పట్టణమునకు వచ్చెను. అది ఇప్పుడు పాకిస్తానులో నున్నది. అక్కడ అభయచందు అను హిందూ బాలుని చూచి, అతనియందు విడువరాని మమకారము పెంచుకొనెను. దానితో వర్తకము విడిచెను. కలిగినదంతయు పోగొట్టుకొని, కట్టుబట్టకూడ విసర్జించి దిగంబరియై తిరుగసాగెను. బాలుని తండ్రి మొదట అడ్డుపడి పిమ్మట సమ్మతించెను. గురుశిష్యులిద్దరును లాహోరు మొదలైన చోట్ల తిరిగి తుదకు గోలకొండ రాజ్యమునకు వచ్చిరి.

హైదరాబాదు అప్పటికి ఏబది ఆరేండ్ల పట్టణము. మహమ్మదు కులీ కుతుబ్ షా 1591 లో దానికి పునాది వేసెను. సర్మదు వచ్చిన నాటికి అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడి. చార్మినారు నిలిచియున్నది గాని, దాని సమీపమున మక్కా మసీదు కట్టడము ఇంకను సాగుచునే యుండెను. దర్బారులో పారశీక భాష మాటలాడుచుండిరి. మచిలీపట్నము రేవునకు పారశీక దేశపు ఓడలు వచ్చి పోవుచుండెను. అందుచేత ఆ దేశమునుండి వచ్చిన పండితునికి అక్కడ తన భాష ఎరిగినవారు కొదువలేదు.

ఆ దినములలో అన్ని మతముల సంగతులను పోగుచేయుచు దేశసంచారము చేయు ఒక గ్రంథకర్త ఉండెను. ఆయన 1647 లో హైదరాబాదులో సర్మదును కలిసికొనెను. ఆయన వ్రాసిన గ్రంథము పేరు దబిస్తాన్-ఎ-మజాహిబ్, అనగా మతముల పాఠశాల. అందులోని యూదుల అధ్యాయము సర్మదు చెప్పిన సంగతులతో నిండియున్నది. అభయచందు అప్పటికి గురువునొద్ద మోషే గ్రంథమును, కీర్తనలను నేర్చుకొనియుండెను. అతడు ఆదికాండపు మొదటి అధ్యాయములను పారశీక భాషలోనికి తిప్పగా, సర్మదు సరిచూచెను. ఆ భాగము ఆ గ్రంథములో నేటికిని ఉన్నది. బెంజమిన్ షుల్జ్ దొర మద్రాసులో 1730 ప్రాంతమున బైబిలును తెలుగులోనికి తిప్పుటకు ఇంచుమించు ఎనుబది ఏండ్లు ముందే, తెలుగు దేశపు రాజధానిలో ఒక హిందూ యువకుడు సృష్టి వృత్తాంతమును మరియొక భాషలో వ్రాసెను. సమాజమందిరము లేదు, జీతము లేదు. గురువు నోరు, శిష్యుని చెవి, నడుమ గ్రంథము. ఇది చూడగా రబ్బీల పురాతన పద్ధతియే మనకు జ్ఞాపకము వచ్చును.

అయితే ఒక లోటున్నది. దానిని దాచుట న్యాయము కాదు. సర్మదు చెప్పినదానిని అడ్డుకొని అడుగుటకు మరియొక రబ్బీ దగ్గర లేడు. దేవునికి మనుష్యాకారముగల శరీరము కలదని యూదుల నమ్మికగా ఆయన చెప్పినట్లు ఆ గ్రంథములో నున్నది. 1204 లో మరణించిన మైమోనిదు అను గొప్ప రబ్బీ, దేవునికి శరీరము లేదనుటను తమ విశ్వాసపు మూలసూత్రములలో ఒకటిగా అంతకు ఎంతో పూర్వమే వ్రాసియుండెను. తన దిగంబరత్వమును సమర్థించుకొనుటకు సర్మదు యెషయాను సాక్షిగా తెచ్చుకొనెను. ఆ ప్రవక్త తన చివరి దినములలో వస్త్రము లేక తిరిగెనని చెప్పెను. యెషయా గ్రంథము 20వ అధ్యాయము తెరచి చూడుడి. మూడు సంవత్సరములని అక్కడ స్పష్టముగా నున్నది. ఐగుప్తు, కూషు దేశములకు రాబోవు చెరకు అది సూచన. అందరికిని అది నియమము కాదు, ప్రవక్త ముసలితనపు అలవాటును కాదు. యబ్నె పాఠశాలలో ఒక శిష్యుడు ఈ మాట చెప్పియుండినయెడల, పక్కన కూర్చున్నవాడు వెంటనే ఆ వచనము చూపియుండును. హైదరాబాదులో అట్లు చూపువాడు లేకపోయెను. ఆ గ్రంథము చదివిన వారు ఒంటరివాడొకడు చెప్పినదానినే ఒక జనమంతటి విశ్వాసమని తలంచుటకు తావు కలిగెను.

తరువాత సర్మదు ఢిల్లీ చేరెను. షాజహాను పెద్ద కుమారుడైన దారా షికో ఆయనను గౌరవించెను. ఈ దారాయే 1657 లో ఉపనిషత్తులను పారశీకములోనికి తిప్పించినవాడు. అన్నదమ్ములు రాజ్యమునకై పోరాడగా ఔరంగజేబు గెలిచి, 1659 లో దారాను చంపించెను. దారా స్నేహితునిమీద కొత్త చక్రవర్తి కన్ను పడెను. మతాధికారులు సర్మదును విమర్శకు నిలువబెట్టిరి. వస్త్రము ధరింపుమనగా ఆయన ధరింపలేదు. ఇస్లాము విశ్వాస ప్రమాణము చెప్పుమనగా, దేవుడు లేడను అర్థమిచ్చు మొదటి మాటలు మాత్రమే పలికి, అల్లా తప్ప అను తక్కిన మాటలను పలుకక ఆగెనని వాడుకలో నున్న వృత్తాంతము. తాను ఇంకను అంతవరకు రాలేదనియు, ఎరుగనిదానిని ఎరిగినట్లు చెప్పుట అబద్ధమగుననియు ఆయన ఉద్దేశమట. 1661 ప్రాంతమున ఆయన శిరచ్ఛేదనము జరిగెను. ఢిల్లీ జామా మసీదు చెంత ఆయన సమాధి ఉన్నది. నేటికిని జనులు వచ్చి చూచుచుందురు.

ఇరువది ఆరేండ్లకు, 1687 లో, అదే ఔరంగజేబు గోలకొండ కోటను పట్టుకొనెను. సర్మదు అభయచందునకు గ్రంథము నేర్పిన పట్టణము అతని వశమాయెను. ఖడ్గము కోటలను తీసికొనగలదు. సర్మదు నోట తక్కిన మాటలను మాత్రము అది పలికింపలేకపోయెను.

సర్మదు నడతయంతటిని మేము మాదిరిగా చూపుట లేదు. తాను నమ్మని మాటను ప్రాణమునకు వెరచి పలుకకపోవుట ఆయనలో మెచ్చదగినది. తనను పరీక్షించు సమాజము లేక బోధించుట ఆయనకు కలిగిన కొరత. మన గ్రామములలో బోధకుడు లేని ఆదివారములు కలవు. అప్పుడు చదువు వచ్చినవాడెవడో లేచి వాక్యము చెప్పును, అది మంచిదే. ఊరూర తిరుగు ప్రసంగీకులును వచ్చుచుందురు, వారిని ఆదరింపుడి. అయితే బెరయవారివలె ఇంటికి పోయి బైబిలు తెరచి, చెప్పిన సంగతి అక్కడ ఉన్నదో లేదో చూడుడి. పాదిరియైనను సరే, అడుగుటకు జంకవద్దు. రబ్బీ అని పిలువబడవలెనని కోరవద్దని ప్రభువు మత్తయి 23వ అధ్యాయములో తన శిష్యులకు నేర్పెను. మనమందరము సహోదరులమనియు, బోధకుడొక్కడేయనియు అందులకు కారణముగా చూపెను. ప్రశ్నింపబడినందుకు నొచ్చుకొను బోధకుడు ఆ అధ్యాయమును మరియొకమారు చదువవలెను. మేమును చదువుచున్నాము.