దారి అడిగాక అడుగు వేయాలి

గచ్చిబౌలిలో ఒకవైపు కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడలు, మరోవైపు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కనిపిస్తాయి. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య అందించేందుకు 1998లో ఇది ఏర్పడింది. పిల్లవాడు ఏ కోర్సులో చేరాలి, అమ్మాయిని ఎంతవరకు చదివించాలి, గల్ఫ్ వెళ్ళాలా, ఇక్కడే ఉద్యోగం చూసుకోవాలా, ఏ సంబంధం ఖాయం చేసుకోవాలి అని మన ఇళ్ళల్లో ఎందరో మథనపడుతుంటారు. అలాంటి వేళ కొందరు ఇస్తిఖారా చేసి, కలలో ఏం కనిపిస్తుందోనని ఎదురుచూస్తారు. మరికొందరు వేరొకరి చేత చేయించి, వారి జవాబు కోసం కాచుకుని కూర్చుంటారు. అల్లాహ్‌పై భారం వేసి నిర్ణయం తీసుకోవడమంటే నిజంగా ఇదేనా? ఆ విశ్వవిద్యాలయం ఎవరి పేరున వెలసిందో ఆ మహనీయుని జీవితాన్ని ఈ ప్రశ్నతో ఒకసారి పరిశీలిద్దాం.

మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1888 నవంబరు 11న పవిత్ర మక్కా నగరంలో జన్మించారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ పేరుపొందిన పండితులు, పీర్. ఎందరో మురీదులు ఉన్నవారు. ఆజాద్ బాల్యంలోనే ఆ కుటుంబం కలకత్తాలో స్థిరపడింది. బడికి పంపకుండా ఇంటివద్దే ఆయనకు అరబీ, ఫార్సీ, ధర్మవిద్యలు నేర్పించారు. తండ్రి గద్దె ఎక్కి ఉంటే గౌరవానికీ, రాబడికీ లోటుండేది కాదు. ఆయన ఆ దారి పట్టలేదు. యౌవనంలో సందేహాలు ఆయన్ని చుట్టుముట్టాయి. తాతతండ్రుల నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో దేన్నీ అంగీకరించలేకపోయారు. కొన్నేళ్ళ సంఘర్షణ తరువాత, స్వయంగా అన్వేషించి, తిరిగి విశ్వాసపు ఒడ్డుకు చేరారు. వారసత్వపు ఆలోచనల కట్టు నుంచి విముక్తి పొందినందుకు గుర్తుగానే ఆజాద్ అనే పేరు పెట్టుకున్నారు.

1912 జూలైలో ఆయన కలకత్తా నుంచి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక ప్రారంభించారు. ముస్లింలు స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొనాలన్న పిలుపు దాని ద్వారా దేశమంతటా వినిపించింది. బ్రిటిష్ ప్రభుత్వం జమానతు సొమ్ము జప్తు చేయడంతో 1914లో పత్రిక ఆగిపోయింది. మరుసటి ఏడాది అల్ బలాగ్ వెలువరించారు. 1916లో ప్రభుత్వం ఆయన్ని బెంగాల్ నుంచి బహిష్కరించింది. రాంచీ చేరుకుని, 1919 చివరి వరకు అక్కడే నిర్బంధంలో ఉన్నారు. ఆ ఒంటరితనంలోనూ ఆయన ఊరుకోలేదు. మస్జిదులో జుమా ప్రసంగాలు చేశారు, మద్రసా నెలకొల్పారు, ఖుర్ఆన్ అనువాద వ్యాఖ్యానం కొనసాగించారు. పోలీసు సోదాల్లో రాతప్రతులు పోయాయి. తరువాత చేతికి వచ్చినవి కూడా పాడైపోయి ఉన్నాయి. మళ్ళీ కూర్చుని రాశారు. 1931లో తర్జుమానుల్ ఖుర్ఆన్ మొదటి సంపుటి వెలువడింది.

ఆ గ్రంథంలో సూరె ఫాతిహా వ్యాఖ్యానానికి ప్రత్యేక స్థానముంది. ప్రతి రకాతులో మనం సన్మార్గం కోరుకునే సూరా ఇదే. అల్లాహ్ చూపే మార్గదర్శకత్వానికి అంతస్తులున్నాయని మౌలానా అందులో వివరించారు. పుట్టిన బిడ్డను తల్లి పాల వైపు నడిపించే సహజ ప్రేరణ మొదటిది. తరువాత ఇంద్రియ జ్ఞానం. ఆపైన బుద్ధి. బుద్ధి చాలని చోట దారి చూపేది వహీ, అంటే దైవవాణి. దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? ఆలోచించడం, విచారించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. బుద్ధి కూడా అల్లాహ్ ఇచ్చిన దీపమే. దాన్ని ఆర్పేసి, చీకట్లో కల కోసం ఎదురుచూడటం ఆ వరాన్ని కాలదన్నడమే.

ఎంచుకున్న దారి ఆయనకు సుఖాలేమీ తెచ్చిపెట్టలేదు. 1942 ఆగస్టు 9న కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండగా బొంబాయిలో అరెస్టయి, అహ్మద్‌నగర్ కోటలో బందీ అయ్యారు. కలకత్తాలో భార్య జులేఖా బేగం ఆరోగ్యం విషమించిన వార్త అక్కడికి చేరింది. అయినా తనను వదలమని ప్రభుత్వానికి విన్నపం పెట్టుకోలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. 1945లో విడుదలై కలకత్తా చేరిన తరువాతే సమాధిని దర్శించగలిగారు. దేశం చీలకూడదని జీవితమంతా పాటుపడ్డారు. 1947లో దేశం చీలింది. ఆ సంవత్సరమే ఢిల్లీ జామా మస్జిదులో, భయపడి తరలిపోతున్న ముస్లింలకు ధైర్యం చెప్పి, ఈ గడ్డపైనే నిలవాలని హితవు పలికారు. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రిగా, 1958 ఫిబ్రవరి 22న తుదిశ్వాస విడిచేవరకు పనిచేశారు. ఖరగ్‌పూర్ ఐఐటీ, విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం ఆయన హయాంలోనే వచ్చాయి.

ఆయన రాజకీయాలతో అందరూ ఏకీభవించాలని మేము అనడం లేదు. కానీ కోరిన ఫలితం దక్కనంత మాత్రాన ఆయన దారి విడిచిపెట్టలేదన్నది గమనించాలి. మనలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. చేరిన చదువులో పిల్లవాడు తప్పితే, వెళ్ళిన ఊళ్ళో ఉద్యోగం పోతే, ఇస్తిఖారా ఫలించలేదని నిరాశపడతాం.

దైవప్రవక్త (స) ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా సహచరులకు ఇస్తిఖారా నేర్పారని హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించారు. రెండు రకాతుల నఫిల్ నమాజు, ఒక దుఆ, అంతే. అందులో కల ప్రస్తావన లేదు. మేలైనదైతే సులభం చెయ్యమని, కీడైతే తప్పించమని, మేలు ఎక్కడున్నా దానితో మనసును తృప్తిపరచమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఉంది. ఆలి ఇమ్రాన్ సూరాలోనూ ముందు సంప్రదింపు, తరువాత దృఢ నిశ్చయం, ఆపైన అల్లాహ్‌పై భరోసా అన్న వరుస కనిపిస్తుంది.

కనుక కోర్సు గురించి తెలిసినవారిని అడగాలి. పిల్లల మనసు తెలుసుకోవాలి. అమ్మాయి పెళ్ళి మాటలో అమ్మాయి ఇష్టం కనుక్కోవాలి. ఎవరి సమస్యకు వారే స్వయంగా రెండు రకాతులు చదివి, అడుగు ముందుకు వేయాలి. ఫలితం మన చేతిలో లేదు, అల్లాహ్ చేతిలో ఉంది.

మన పిల్లలకు మేలైన దారి చూపి, దానిపై నిలకడగా నడిచే ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.