ఎండను వెతుక్కున్న దైవజనుడు

దుఃఖంలో ఉన్న విశ్వాసిని చూసి ప్రార్థన తక్కువైందని తీర్మానించేవారు మన సంఘాల్లో తక్కువేం కాదు. అలాంటివారు చార్లెస్ స్పర్జన్ జీవితాన్ని ఒకసారి పరిశీలించాలి. లండన్‌లోని ఆయన మందిరంలో దాదాపు 6 వేలమంది ఆయన ప్రసంగం వినేవారు. అంతటి దైవజనుడు కారణం తెలియకుండానే గంటల తరబడి పసివాడిలా ఏడ్చేవాడు.

1834 జూన్ 19న ఇంగ్లండ్‌లోని కెల్వెడన్ గ్రామంలో స్పర్జన్ జన్మించాడు. తాత, తండ్రి ఇద్దరూ దైవసేవకులే. 1850 జనవరిలో ఒక ఆదివారం మంచు తుఫానులో వెళ్లాల్సిన చోటికి వెళ్లలేక, కోల్చెస్టర్ పట్టణంలో ఒక చిన్న చర్చిలో తలదాచుకున్నాడు. పెద్ద చదువులేని ఒక సామాన్య విశ్వాసి అక్కడ చెప్పిన వాక్యమే ఆ పదిహేనేళ్ల కుర్రవాణ్ణి ప్రభువు వైపు తిప్పింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆయన లండన్‌లో ఒక సంఘానికి కాపరి అయ్యాడు.

1856 అక్టోబర్ 19 రాత్రి ఆయన జీవితంలో పెద్ద గాయం మిగిల్చింది. సర్రే గార్డెన్స్ హాలులో వేలాదిమంది కూడిన ఆరాధనలో ఎవరో నిప్పంటుకుందని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. స్పర్జన్‌కు అప్పటికి 22 ఏళ్లే. బైబిలును చూసినా కన్నీళ్లు ఆగనంతగా కుంగిపోయాడు. రెండు వారాలకు మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కినా, ఆ గాయం ఆయనను జీవితాంతం వెంటాడింది.

తర్వాత గౌట్ అనే కీళ్లవ్యాధి, భార్య సుసన్నా దీర్ఘకాల అనారోగ్యం, ఊపిరి సలపని పరిచర్య తోడయ్యాయి. దానికి తోడు లండన్ చలికాలం! బొగ్గు పొగ, మంచు కలిసి సూర్యుణ్ణి కప్పేసేవి. స్పర్జన్ ఏం చేశాడు? ప్రార్థన మానలేదు, ప్రార్థిస్తూ అక్కడే కూలిపోనూ లేదు. 1870ల నుండి చాలా చలికాలాల్లో దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరంలోని మాంటన్ పట్టణానికి వెళ్లి, ఎండలో సేదదీరేవాడు. ఎడతెగని పని, కదలకుండా కూర్చోవడం, మంచు పట్టిన దినాలు మనసును కుంగదీస్తాయనీ, కొండగాలి, సముద్రపు గాలి మేలు చేస్తాయనీ తన బైబిలు కాలేజీ విద్యార్థులకు బోధించాడు. 1892 జనవరి 31న 57వ ఏట మాంటన్‌లోనే ప్రభువునందు నిద్రించాడు.

చలికాలపు తక్కువ వెలుతురుతో వచ్చే కుంగుబాటును 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ బృందం ఒక వ్యాధిగా వర్ణించింది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటిపడే లండన్‌లో నేడు మన తెలుగు బిడ్డలెందరో ఉన్నారు. ఫోన్‌లో వాళ్ల గొంతు నీరసించినప్పుడు ఉపవాసం ఉండమని మాత్రమే చెప్పి పెట్టేయకూడదు. పగటి వెలుతురులో నడవమనాలి, డాక్టరును కలవమనాలి.

మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఎండకు కొదవలేదు. అయినా ఇక్కడి చలికాలానికి మరో చీకటి ఉంది. దసరాకు దేవరగట్టు ఉత్సవం ముగిశాక పల్లెల్లో వలసలు మొదలవుతాయి. పత్తి, మిర్చి పనులకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగళూరుకు కుటుంబాలు కదిలిపోతాయి. తాళాలు పడిన ఇళ్ల మధ్య ముసలివాళ్లు మిగులుతారు. క్రిస్మస్ నక్షత్రం వెలిగే వేళకు వాళ్లు అన్నం ముట్టరు, రాత్రి నిద్రపోరు, ఎవరితోనూ మాట్లాడరు. దాన్ని ముసలితనమనో, దయ్యమనో తోసేయడం పాపం.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మాట్లాడింది ఆ తర్వాతే (1 రాజులు 19). మనమూ ఆ క్రమమే పాటిద్దాం. ఒంటరివాళ్ల ఇంటికెళ్లి పొద్దుటెండలో అరుగు మీద వాళ్లతో కూర్చుందాం, కలిసి రెండు ముద్దలు తిందాం. కుంగుబాటు వదలకపోతే ఆసుపత్రికి మనమే తోడు వెళదాం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఎండనూ, మందునూ, మనిషినీ ఇచ్చినవాడు దేవుడే. వాటిని అందుకోవడం అవిశ్వాసం కాదు.