రోజూ బల్ల ముందు కూర్చున్న రచయిత్రి



మేత్రాసన పత్రికల్లో ఒక మూల చిన్న చిన్న పుస్తక పరిచయాలు వస్తుంటాయి. వాటిని మీలో ఎందరు చదువుతారో గాని, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అటువంటి పత్రికకే 1956 నుండి తన మరణం వరకు వందకు పైగా పుస్తకాలను పరిచయం చేసిన మహిళ ఒకరున్నారు. ఆమె ఇరవయ్యవ శతాబ్దపు గొప్ప కథా రచయితలలో ఒకరు. పేరు ఫ్లానరీ ఓకానర్.

ఆమె 1925 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు, సవన్నా నగరంలో ఒక కతోలిక కుటుంబంలో ఏకైక సంతానంగా జన్మించారు. చుట్టూ ప్రొటెస్టెంటులే, కతోలికులు బహు కొద్దిమంది. పదిహేనవ ఏట తండ్రి లూపస్ వ్యాధితో మరణించారు. శరీరాన్ని కాపాడవలసిన శక్తే శరీరం మీద తిరగబడే జబ్బు అది. అయోవా విశ్వవిద్యాలయంలో రచనావిద్య అభ్యసించి, తన ఊరికి దూరంగా ఉంటూ మొదటి నవల రాసుకుంటున్న రోజుల్లో, 1950 చివర క్రిస్మస్‌కు ఇంటికి రైలులో వస్తూ జబ్బుపడ్డారు. తండ్రిని తీసుకుపోయిన వ్యాధే. తల్లి మనసొప్పక కీళ్లవాతమని చెప్పి దాచింది. 1952లో ఒక స్నేహితురాలి నోట నిజం తెలిసింది. అప్పటికి ఆమె వయస్సు 27.

మిలెడ్జ్‌విల్ అనే చిన్న పట్టణం పక్కన తల్లి నడిపే పాడి క్షేత్రంలోనే ఇక మిగిలిన జీవితమంతా. 1955 నుండి ఊతకర్రలు. తన ఊరికి దూరంగా ఉంటేనే రాయగలనని ఒకప్పుడు ఆమె నమ్మారు. ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది ఒక గది, ఒక టైపు మిషను, పెరటినిండా నెమళ్లు.

ఆమె దినచర్య వినండి. ఉదయాన్నే లేచి ప్రార్థన, తల్లితో కలిసి దేవాలయంలో దివ్యబలిపూజ. ఇంటికి వచ్చాక రెండు మూడు గంటలు రచన. అంతకు మించి ఒంట్లో సత్తువ లేదు. ఆ వేళలో ఇంకే పనీ పెట్టుకునేవారు కాదు. ఏమీ తోచని రోజున కూడా బల్ల ముందునుండి లేచేవారు కాదు. ఏదైనా తోచే క్షణాన తాను అక్కడ లేకపోతే ఎలా అన్నది ఆమె లెక్క. మధ్యాహ్నం ఉత్తరాలు, వచ్చిపోయేవారు, నెమళ్లు. రాత్రి నిద్రకు ముందు పునీత తోమాసు అక్వినాసు వారి ‘సుమ్మా’ నుండి ఇరవై నిమిషాలు. సెమినరీలో మేము పరీక్షల భయంతో చదివిన గ్రంథాన్ని ఆమె పడకమీద ఇష్టంతో చదువుకున్నారు!

తోమాసు వారి ‘హాబితుస్’ అనే మాటను జాక్ మారితేన్ అనే ఫ్రెంచి తత్వవేత్త కళకు అన్వయించాడు. ఆమె దానిని ఆయన వద్ద గ్రహించారు. దానిని ‘అలవాటు’ అని తెలిగిస్తే సరిపోదు. కాఫీ అలవాటు మనం ఏమీ చేయకుండానే పడుతుంది. హాబితుస్ అలా పట్టదు. ఏళ్ల తరబడి పని చేయగా చేయగా వడ్రంగి చేతికి వచ్చే నేర్పు వంటిది; అతడు చెక్కను చూసే చూపు కూడా మారిపోతుంది. ఆమె రెండవ నవలకు ఏడేళ్లు పట్టింది. మొత్తం రాసినవి రెండు నవలలు, ముప్పయికి పైగా కథలు.

ఆమె చదువు కూడా చిన్ననాటినుండి క్రమంగా సాగినదేమీ కాదు. ఫాక్‌నర్, కాఫ్కా, జాయిస్ వంటివారి పేర్లు అయోవా వెళ్లేదాకా వినలేదట. ఆ లోటును తర్వాత ఆబగా పూడ్చుకున్నారు. బెర్నానోస్, మోరియాక్ వంటి కతోలిక నవలాకారులనూ, విశ్వాసం లేనివారినీ చదివారు. శ్రీసభ నిషేధించిన పుస్తకాల పట్టిక అప్పుడు అమలులో ఉండేది (1966లో రద్దయింది). ఆ పట్టికలోని ఇద్దరు ఫ్రెంచి రచయితలను చదవవలసివస్తే ఒక గురువును అనుమతి అడిగారు. మనలో కొందరికి ఇది నవ్వు తెప్పించవచ్చు. నాకు మాత్రం ఆమె జంకు లేకుండా చదవడమూ, అడిగి చదవడమూ రెండూ నచ్చాయి.

ఆమె కథలు మీకు నచ్చుతాయని హామీ ఇవ్వలేను. హంతకులు, మోసగాళ్లు, తామే నీతిమంతులమనుకునే గృహిణులు అందులో ఉంటారు. దేవుని కృప వారిమీద మెల్లగా రాదు, దెబ్బలాగా పడుతుంది. ఇంకొక మాట కూడా దాచకూడదు. నల్లజాతివారిని చులకన చేసే మాటలు ఆమె ఉత్తరాలలో ఉన్నాయి. అందువల్ల 2020లో మేరీలాండ్‌లోని లయోలా విశ్వవిద్యాలయం ఒక వసతి గృహానికి ఉన్న ఆమె పేరును తీసివేసి, నల్లజాతి కన్యాస్త్రీ తెయా బౌమన్ పేరు పెట్టింది. తెల్లవారి అహంకారాన్ని కథల్లో అంత నిర్దయగా పట్టి చూపిన కలం, ఉత్తరాలలో అదే బురద తొక్కింది.

1958లో బంధువుల బలవంతం మీద లూర్దు వెళ్లి ఆ నీట మునిగారు. తన ఎముకలకంటే రాస్తున్న నవల కోసమే ఎక్కువ ప్రార్థించానని తర్వాత చెప్పుకున్నారు.

1964లో శస్త్రచికిత్స తర్వాత వ్యాధి తిరగబెట్టింది. ఆసుపత్రిలో డాక్టర్లు రాయవద్దన్నారు. ఆమె కాగితాలను తలగడ కింద దాచి, ఎవరూ లేనప్పుడు తీసి దిద్దుకునేవారు. జూలైలో వ్యాధిగ్రస్తుల అభ్యంగనం కోరి పొందారు. ఆగస్టు 3న, 39వ ఏట, కన్నుమూశారు. ఆ తలగడ కింది కథ మరుసటి సంవత్సరం పుస్తకంలో వచ్చింది.