ఏటా లక్ష రూపాయలు: జయపురం మహారాజా శ్రీ విక్రమదేవ వర్మ గారు

మనం ఉద్యోగ విరమణ చేసి పింఛను కాగితాల కోసం తిరిగే వయసులో ఒకాయన గద్దె ఎక్కి పెద్ద బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 1931లో జయపురం సంస్థానాధీశులయ్యేనాటికి శ్రీ విక్రమదేవ వర్మ గారికి సుమారు 62 ఏళ్ళు. ఆ తరువాత ఇరవయ్యేళ్ళ పాటు ఆయన చేసిన పనుల్లో మన ప్రాంతం వారందరికీ అక్కరకు వచ్చినది ఒకటుంది. ఈ ప్రత్యేక సంచికలో దాన్ని గురించే ముచ్చటించుకుందాం.

ఆయన 1869 జూన్ 28న జన్మించారు. ఆ రోజుల్లో జయపురం, మాడుగుల, మన చోడవరం అన్నీ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా కిందనే ఉండేవి. కొండ మీది వారికీ కింది వారికీ కలెక్టరు ఒక్కరే. జయపురం పేరుకు జమీందారీయే గాని విస్తీర్ణంలో చాలా పెద్దది. వర్మ గారు తెలుగు, ఒరియా, సంస్కృత భాషల్లో పండితులు, కవి. సాహిత్య సామ్రాట్ అన్న బిరుదు ఆయనది. రాజుగా రావలసిన పేరు కంటే పండితుడుగా వచ్చిన పేరే ముందు వచ్చిందంటే తప్పు లేదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో విశాఖకు చేరింది. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ప్రభుత్వాలు ఖర్చులు కోసుకుంటున్న కాలం. సైన్సు చదువులంటే ప్రయోగశాలలు కావాలి, పరికరాలు కావాలి, అన్నిటికీ మించి మంచి ఆచార్యులు కావాలి. సరిగ్గా ఆ సమయంలో వర్మ గారు విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తామని ముందుకు వచ్చారు. 1932లో వాల్తేరులో జయపూర్ విక్రమదేవ సైన్స్ అండ్ టెక్నాలజీ కళాశాల వెలిసింది.

ఆఫీసుల్లో ఫైళ్ళు నడిపిన మనకు ఇందులోని కీలకం చెప్పకుండానే తెలుస్తుంది. ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తే భవనం లేస్తుంది, శిలాఫలకం పడుతుంది. మరుసటి ఏడాది జీతాలెక్కడివి? తిరిగి రాని సొమ్ము మీద శాశ్వత పోస్టు సృష్టించడానికి ఏ అకౌంట్సు వారూ ఒప్పుకోరు. ఏటేటా వచ్చే సొమ్మయితే ఆచార్యుణ్ణి పిలిచి కుర్చీ చూపించవచ్చు. పుచ్చుకునేవాడికి ఏది అవసరమో తెలిసిన దాత అరుదు. కాలేజీకి దాత పేరు పెట్టడం గురించి ముఖం చిట్లించేవారు ఉంటారు. నా మటుకు నాకు అది చౌక బేరమే అనిపిస్తుంది.

ఈ దానాల్లో షరతులు ఉండకపోవు. కలకత్తా సైన్సు కళాశాల తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదుల విరాళాలతో 1914లో మొదలయింది. వారి పేరిట ఏర్పడిన ఆచార్య పదవులు భారతీయులకే ఇవ్వాలన్నది షరతు. ఇంగ్లీషు వారి పాలనలో అటువంటి షరతుకు తలవంచడం విశ్వవిద్యాలయానికి లాభమే అయింది. 1917లో పాలిత్ ఆచార్య పదవిలో కూర్చున్నది సి.వి. రామన్ గారు. ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు 1932లో వాల్తేరు వచ్చి భౌతికశాస్త్రం చెప్పారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి గారు వచ్చారు. అక్కడ ఒక దాత సొమ్ముతో పెరిగిన విద్య ఇక్కడ మరో దాత కళాశాలకు చేరింది. చెరకు పండించే మన వాళ్ళకు మరో సంగతి. 1933లో చక్కెర సాంకేతిక శాస్త్రం చెప్పడానికి పెట్టిన విభాగమే పెరిగి నేటి కెమికల్ ఇంజనీరింగ్ విభాగమయింది. గోవాడ పంచదార ఫ్యాక్టరీ నీడన బతికిన చోడవరం వారికి ఇది పరాయి కథ కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. జయపురం అటు వెళ్ళింది, వాల్తేరు ఇటు ఉండిపోయింది. ఇచ్చేవారు ఒక రాష్ట్రంలో, పుచ్చుకునేవారు మరో రాష్ట్రంలో. అదే ఏడాది రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డు వెళ్ళారు. అక్కడ ఆయన అలంకరించిన ఆచార్య పదవి కూడా స్పాల్డింగ్ అనే దాత పెట్టించినదే. రెడ్డి గారు మళ్ళీ వచ్చి 1949 వరకు ఉన్నారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరు తరలిపోయింది. భవనాలు ఇక్కడే ఉండిపోయినా ఆచార్యులు వెళ్ళిన చోట చదువు సాగింది.

ఇప్పటి పద్ధతి వేరు. ఆచార్యుడు ప్రాజెక్టు రాసి పంపాలి, నిధులిచ్చే సంస్థ పరిశీలించాలి, ఒప్పందం మీద విశ్వవిద్యాలయం తరఫున సంతకం పడాలి. సొమ్ము విడతలుగా వస్తుంది. వాడిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం వెళ్ళనిదే తరువాతి విడత కదలదు. కొన్న పరికరం ఎవరిది, కనిపెట్టిన దాని మీద హక్కు ఎవరిది, ఫలితాలు నచ్చకపోతే కంపెనీ వారు ప్రచురణ ఆపవచ్చా అన్నవి ముందే తేల్చుకోవాలి. మూడో ప్రశ్న మీదే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఇవన్నీ తేలినా రెండు మూడేళ్ళకు ప్రాజెక్టు ముగుస్తుంది. దాని మీద చేరిన కుర్రవాడు మళ్ళీ దరఖాస్తులు పట్టుకుని తిరుగుతాడు. శాశ్వతం అన్న మాట ఏ ఒప్పందంలోనూ కనపడదు.

అలాగని ఆనాటి శాశ్వతానికి ఇబ్బంది లేదని కాదు. మూలధనం బ్యాంకులో వేసి వడ్డీ వాడుకోమనడం ఒక పద్ధతి. సంస్థానం రాబడిలోంచి ఏటా ఇస్తామనడం మరొకటి. రెండోది సంస్థానం ఉన్నంత కాలమే గట్టిది. ఒరిస్సాలో జమీందారీల రద్దు చట్టం 1951లో వచ్చింది. 1952లో జయపురం ఎస్టేటు ప్రభుత్వపరమయింది. రాజు గారు మాట ఇచ్చిన 1930లలో ఇలా జరుగుతుందని సిండికేటులో ఎవరు ఊహించగలరు?

ఆ రోజు చూడవలసిన అవసరం వర్మ గారికి కలగలేదు. 1951 ఏప్రిల్ 14న ఆయన కాలధర్మం చెందారు. రామలింగారెడ్డి గారు అదే ఏడాది ఫిబ్రవరిలో పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వర్మ గారిని డి.లిట్. పట్టంతో గౌరవించింది. జయపురంలో ఆయన పేరిట 1947లో వెలిసిన కళాశాల ఈ మధ్యనే విశ్వవిద్యాలయమయింది. మన చోడవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. వాల్తేరు సైన్సు కళాశాలలో చదివి ఉద్యోగాల్లో చేరి, ఇవాళ మన సంఘంలో సభ్యులుగా ఉన్నవారూ ఉన్నారు. వారి డిగ్రీ కాగితాల వెనుక ఏటా వచ్చిన ఆ లక్ష రూపాయల సంగతి ఎందరికి తెలుసో.