మార్లవాయి హైమండార్ఫ్

సివిల్స్‌లో సోషియాలజీ తీసుకుంటే ఏ పుస్తకాలు చదవాలని మన సీనియర్ అన్నయ్యలు మాస్టార్లను అడుగుతుంటారు. రెండు పేపర్లు, 500 మార్కులు. రెండో పేపరులో గిరిజన సమాజాల మీద పాఠం ఉంది. అంటే మన సంగతే! మన తాతల బతుకు మనమే పుస్తకంలో చదివి పరీక్ష రాయాలన్నమాట. అలాంటి పుస్తకాలు రాసిన ఒకాయన కథ ఇది.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అస్సాం, బర్మా కొండజాతుల మీద 1931లో డాక్టరేట్ పొందారు. తమాషా ఏమిటంటే అప్పటికి ఆయన ఇండియా మొహమే చూడలేదు. అంతా లైబ్రరీ చదువే. 1936లో వచ్చి నాగా కొండల్లో ఉన్నాక గానీ అసలు చదువు మొదలవలేదు.

1939లో భార్య బెట్టీతో మళ్లీ వచ్చారు. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. ఆయనది జర్మన్ పాస్‌పోర్టు. ఇంగ్లీషువాళ్లకు శత్రుదేశస్థుడు కదా, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఆ కట్టడే మనకు మేలు చేసింది. నల్లమల చెంచుల దగ్గర, గోదావరి పాపికొండల్లో కొండరెడ్ల దగ్గర ఉండి 1943లో ఒకటి, 1945లో ఒకటి పుస్తకాలు తెచ్చారు. కలప కాంట్రాక్టర్లు రెడ్ల చేత ఎలా వెట్టి చేయించారో అందులో రాశారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపేశాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఈయన్నే పంపింది. ముందే అడిగుంటే భీమ్ బతికేవాడు కదా అని నాకనిపిస్తుంది. హైమండార్ఫ్ దంపతులు ఆదిలాబాద్ అడవిలో మార్లవాయి గూడెంలో ఇల్లు వేసుకుని ఉన్నారు. ఫారెస్టు వాళ్లు గీత గీసి గోండులను సొంత ఊళ్ల నుంచే వెళ్లగొట్టారని, పట్టా లేక భూములు పోయాయని సర్కారుకు రాశారు. తర్వాత వేల ఎకరాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు మాస్టార్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టించారు. వాచకాలు గోండీ భాషలోనే, దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. మన ఇంటి భాషలో మొదటి వాచకం ఉంటే మనలో ఎంతమంది ఒకటో తరగతిలో ఏడ్వకుండా ఉండేవాళ్లమో!

తర్వాత లండన్‌లో ప్రొఫెసరయ్యారు. నేపాల్ షెర్పాల మీదా రాశారు. 1970ల చివర మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే ఏముంది? 1/70 చట్టం ఉన్నా సరే, తాను ఇప్పించిన భూములు చాలావరకు బయటివాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆ బాధతో 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' రాశారు. సోషియాలజీ తీసుకునేవాళ్లు ముందు ఇది చదవాలి. ఇంగ్లీషు పుస్తకమే, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే అందుతుంది. భూముల అధ్యాయం చదివాక సెలవుల్లో ఇంటికెళ్లి మన భూమికి పట్టా ఎవరి పేర ఉందో తాతయ్యనడగండి. ఆ తర్వాత హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో తెచ్చిన 'ఇండియన్ విలేజ్' పట్టుకోవచ్చు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టారు.